సాలార్‌జంగ్ మ్యూజియం: గంట చూసి వచ్చేశారా? అసలు కథ వేరే ఉంది

ఈ ఎపిసోడ్ స్టార్ట్ చేసే ముందు ఒక ప్రశ్న. మీలో ఎంతమంది స్కూల్ టూర్‌లో సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లారు? సరే. మరి వెళ్లినవాళ్లలో గడియారం తప్ప ఇంకేమైనా గుర్తున్నవాళ్లు ఎంతమంది?

నాకైతే గుర్తులేదు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు నల్గొండ నుంచి బస్సులో తీసుకెళ్లారు. పొద్దున చార్మినార్, మధ్యాహ్నం మ్యూజియం, సాయంత్రం జూ. మా సార్ మమ్మల్ని లైన్‌లో నడిపిస్తూ "ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు" అన్న ఒక్క మాట ఇరవైసార్లు చెప్పారు. మధ్యలో ఒక హాల్లో కూర్చోబెట్టారు. ఎదురుగా పెద్ద గడియారం. గంట అయ్యే టైంకి లోపల్నుంచి చిన్న గడ్డం బొమ్మ ఒకటి బయటికొచ్చి టంగ్ టంగ్‌మని గంట కొట్టి మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. పక్కన ఇంకో బొమ్మ, కమ్మరిలాగా, సెకనుకొక దెబ్బ వేస్తూనే ఉంది. అందరం చప్పట్లు కొట్టాం. బస్సెక్కేశాం. అంతే.

మొన్న ఈ ఎపిసోడ్ కోసం మళ్లీ వెళ్లాను. ఈసారి ఒక్కడినే. పొద్దున లోపలికి వెళ్తే సాయంత్రం గార్డులు "టైం అయింది బాబూ" అనేవరకు బయటికి రాలేదు. అక్కడ నాకు పట్టుకున్న ప్రశ్న ఒక్కటే. నలభై వేలకు పైగా వస్తువులు. ఇవన్నీ ఒకప్పుడు ఒకాయన ఇంట్లో సామాను. ఆయనకి పెళ్లి లేదు, పిల్లలు లేరు. ఆయన పోయాక ఇవన్నీ ఎందుకు చెల్లాచెదురు కాలేదు?

దానికంటే ముందు ఒక విషయం క్లియర్ చేసుకుందాం. యూట్యూబ్‌లో, వాట్సాప్ ఫార్వర్డుల్లో చూసే ఉంటారు: "ప్రపంచంలోనే ఒకే వ్యక్తి సేకరించిన అతిపెద్ద కలెక్షన్". నేను కూడా ఈ ఎపిసోడ్‌కి ఆ టైటిలే పెడదామనుకున్నాను, నిజం చెప్పాలంటే. వ్యూస్ వస్తాయి కదా. కానీ అది నిజం కాదు. హెన్రీ వెల్కమ్ అని ఒక మందుల కంపెనీ యజమాని ఉండేవాడు. అమెరికాలో పుట్టి లండన్‌లో స్థిరపడ్డాడు. ప్రపంచమంతా ఏజెంట్లని పెట్టి కొనిపించాడు. 1936లో ఆయన చనిపోయేనాటికి పోగైన వస్తువులు పది లక్షలకు పైనే. పెట్టెలు కూడా విప్పనివి బోలెడు. ఆయన పోయాక ఏమైందంటే, ఆ కలెక్షన్‌ని పంచేశారు. కొన్ని ఈ మ్యూజియంకి, కొన్ని ఆ మ్యూజియంకి, కొన్ని వేలంలో. అంటే అంకెల్లో వెల్కమ్ చాలా పెద్దోడు. కానీ ఇవాళ మీరు వెళ్లి "ఇదీ వెల్కమ్ పోగుచేసింది" అని ఒకచోట నిలబడి మొత్తం చూడలేరు. సాలార్‌జంగ్‌ది చూడగలరు. నా దృష్టిలో గొప్ప సంగతి అది. సైజు కాదు.

ఇంకోటి, "ఒకే వ్యక్తి" అన్నది కూడా సగం నిజమే. ముగ్గురు సాలార్‌జంగ్‌లు ఉన్నారు. తాత, తండ్రి, కొడుకు. ఎక్కువ భాగం కొన్నది మూడో ఆయనే, కానీ మొదలెట్టింది తాత.

ఆ తాత సంగతి చెప్పుకోకపోతే కథ నడవదు. పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1853లో, ఇరవై నాలుగేళ్ల వయసులో నిజాంకి దివాన్ అయ్యాడు, అంటే ప్రధానమంత్రి. అంతకుముందు ఆ కుర్చీలో ఉన్నది ఆయన చిన్నాన్న. సరిగ్గా అప్పుడే బ్రిటిష్‌వాళ్లు అప్పుల లెక్క చూపించి బేరార్ ప్రాంతాన్ని, అదే పత్తి బాగా పండే నేలని, నిజాం చేతిలోంచి తీసుకున్నారు. సంతకం అయిన కొద్దిరోజులకే చిన్నాన్న చనిపోయాడు, ఈయన వచ్చాడు. ముప్పై ఏళ్లు, చనిపోయేదాకా ఆయన మనసులోంచి బేరార్ పోలేదు.

మంచి పాలకుడని చాలామంది రాస్తారు. జిల్లాలుగా విభజించి రెవెన్యూ వ్యవస్థని గాడిలో పెట్టాడు, హైదరాబాద్‌కి రైలు వచ్చింది ఆయన టైంలోనే. అదే మనిషి 1857లో బ్రిటిష్ పక్షాన నిలబడ్డాడు. తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ కోఠి రెసిడెన్సీ మీద దాడి చేసినప్పుడు బ్రిటిష్‌వాళ్లకి ముందే హెచ్చరిక పంపింది ఈయనే. కాబట్టి ఆయన్ని హీరో అనాలా విలన్ అనాలా అన్న గోల కామెంట్లలో మీరే తేల్చుకోండి. నేను మాత్రం రెండూ ఒకే మనిషి అని చెప్పి ముందుకు వెళ్తాను.

1876లో ఈయన యూరప్ వెళ్లాడు. అప్పటి బ్రిటిష్ యువరాజు ఆహ్వానం మీద. అసలు ఉద్దేశం లండన్‌లో మాట్లాడి బేరార్ వెనక్కి తెచ్చుకోవాలని. దారిలో రోమ్‌లో ఆగాడు. పారిస్‌లో హోటల్ మెట్ల మీద జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆ కాలుతోనే లండన్ వెళ్లాడు. సన్మానాలు చేశారు, ఆక్స్‌ఫర్డ్‌వాళ్లు గౌరవ డాక్టరేట్ ఇచ్చారు. బేరార్ మాత్రం ఇవ్వలేదు.

బేరార్ రాలేదు కానీ, రెబెక్కా వచ్చింది.

రోమ్‌లో ఆయన కొన్న పాలరాతి శిల్పం అది. మేలిముసుగు రెబెక్కా. చేసిన శిల్పి జియోవన్నీ మరియా బెంజోనీ, అప్పటికి మూడేళ్ల కిందటే చనిపోయాడు. మ్యూజియంలో ఎవరైనా ఎక్కువసేపు ఆగేది గడియారం తర్వాత దీని దగ్గరే. నిలువెత్తు అమ్మాయి, తల మీద నుంచి పల్చటి ముసుగు, ఆ ముసుగులోంచి ముఖం కనిపిస్తుంటుంది. కళ్లు, ముక్కు, పెదాలు అన్నీ. నా పక్కన ఒక పెద్దాయన వాళ్ల మనవరాలికి "గుడ్డ కప్పార్రా దాని మీద" అని చెప్తున్నాడు. గుడ్డ లేదు. అంతా రాయే.

ఇది ఎలా చేస్తారు? నేను కూడా చాలాకాలం రాయిని అంత పల్చగా చెక్కితే అవతల ఉన్నది కనిపిస్తుందేమో అనుకున్నాను. కాదు. ముసుగు వేరు, ముఖం వేరు అసలు ఉండవు. ఒకటే ఉపరితలం. ముక్కు, పెదాలు, కనురెప్పలు మెత్తగా, అంచులు తేలకుండా చెక్కుతాడు. వాటి మీదుగా సన్నటి గీతల్లా మడతలు తీస్తాడు. నుదుటి మీద మొదలైన మడత బుగ్గ మీదుగా గడ్డం దాకా ఆగకుండా జారుతుంది. మన కన్ను ఆ గీతని పట్టుకుని "ఇది గుడ్డ", కింద ఉబ్బుని పట్టుకుని "ఇది ముఖం" అని విడదీసుకుంటుంది. అంటే సగం శిల్పం బెంజోనీ చెక్కితే మిగతా సగం మన బుర్ర పూర్తి చేస్తుందన్నమాట. మీరు వెళ్తే ఒక పని చేయండి. నేరుగా ఎదురుగా కాకుండా మెల్లగా పక్కకి నడుస్తూ చూడండి. వెలుగు పడే కోణం మారేకొద్దీ ముసుగు మందంగా అయిపోతుంది, మళ్లీ పల్చబడుతుంది.

రెబెక్కా అంటే బైబిల్ పాత నిబంధనలో అమ్మాయి. ఇస్సాకుకి పెళ్లిచేయడానికి సేవకుడు దూరదేశం నుంచి ఒంటెల మీద తీసుకొస్తాడు. సాయంత్రం పొలంలో ఎదురొస్తున్న మనిషిని చూసి ఎవరని అడుగుతుంది. ఆయనే పెళ్లికొడుకని తెలియగానే ముసుగు లాక్కుంటుంది. ఆ క్షణం అది. క్రైస్తవ కథ, ఇటలీ శిల్పి, ముస్లిం దివాన్, హైదరాబాద్. పరదా ఉన్న ఇంట్లో పెరిగిన ఆయనకి ఆ ముసుగు అమ్మాయి ఎందుకు నచ్చి ఉంటుందో ఊహించడం పెద్ద కష్టం కాదు. ఇది నా ఊహే, ఎక్కడా రాసిలేదు. ఇంకో మాట, బెంజోనీ స్టూడియో ఈ శిల్పాన్ని ఒకటి కాదు, కొన్ని ప్రతులు చేసింది. అమెరికాలో అట్లాంటా, డెట్రాయిట్ మ్యూజియంల్లో కూడా రెబెక్కాలు ఉన్నాయి. అక్కడున్న మన తెలుగువాళ్లు వెళ్లి చూసి ఫొటో పంపితే నాకు సంతోషం.

సరే, 1883లో కలరాతో తాత పోయాడు. కొడుకు మీర్ లాయక్ అలీ ఖాన్, రెండో సాలార్‌జంగ్, మూడేళ్లు దివాన్‌గా చేసి దిగిపోయాడు. 1889లో చిన్న వయసులోనే చనిపోయాడు. అప్పటికి ఆయన కొడుకు పుట్టి నెల కూడా తిరగలేదు. పూణేలో 1889 జూన్ 13న పుట్టిన ఆ పిల్లాడే మీర్ యూసుఫ్ అలీ ఖాన్. మూడో సాలార్‌జంగ్. మన మ్యూజియం మనిషి.

ఈయన కూడా ప్రధానమంత్రి అయ్యాడు. 1912లో, ఇరవై మూడేళ్లకి. మీరు ఆ వయసులో ఏం చేస్తున్నారో ఒకసారి ఆలోచించుకోండి, నేనైతే సప్లీలు రాస్తున్నాను. అప్పటికి ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కి ఏడాది కూడా నిండలేదు. ఇద్దరూ కుర్రాళ్లే. రెండేళ్లు గడిచాయి. 1914 చివర్లో సాలార్‌జంగ్ రాజీనామా ఇచ్చేశాడు. ఆ తర్వాత కొన్నేళ్లు నిజాం దివాన్ లేకుండా తనే పాలించాడు. మూడు తరాలు ఇంట్లో ఉన్న పదవి అక్కడితో ఆగిపోయింది.

ఇరవై ఐదేళ్ల వయసు. చేతిలో పెద్ద జాగీరు ఆదాయం. చేయడానికి ఉద్యోగం లేదు. మిగిలిన ముప్పై ఐదేళ్లు ఆయన కొన్నాడు. అంతే, కొన్నాడు.

ఏం కొన్నాడు అని అడక్కండి, ఏం కొనలేదు అని అడగండి. మొఘల్ బాకులు, చైనా పింగాణీ, జపాన్ పట్టు తెరలు, పర్షియన్ తివాచీలు, ఫ్రెంచ్ కుర్చీలు, అరబిక్ పారశీక రాతప్రతులు, వెనిస్‌ని గీసిన కానలెట్టో పెయింటింగ్, మన రవివర్మ పెయింటింగులు, చేతికర్రలు, పిల్లల ఆటబొమ్మ సైనికులు. గడియారాలకైతే విడిగా ఒక గ్యాలరీ. ఇందాక చెప్పిన సంగీత గడియారం మీద కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ పేరుంటుంది. డీలర్లు ఇంటికే వచ్చేవాళ్లు.

ఇక్కడ నా అభిప్రాయం చెప్తాను, తిట్టుకోకండి. ఇందులో అన్నీ కళాఖండాలు కావు. జహంగీర్ బాకు పక్క గదిలో, ఇవాళ శిల్పారామంలో దొరికేలాంటి అలంకారం సామాను కూడా ఉంది. కళా విమర్శకులు దీన్ని ఒక పద్ధతి లేని పోగు అన్నప్పుడు వాళ్ల మాటలో నిజం ఉంది. కానీ నాకు ఆ గందరగోళమే నచ్చింది. నిపుణుల కమిటీ ఎంచిన మ్యూజియంలో మీకు వస్తువులు కనిపిస్తాయి. ఇక్కడ ఒక మనిషి కనిపిస్తాడు. చేతికర్రల గ్యాలరీలో నిలబడితే "అయ్యా, ఇన్ని కర్రలు ఎందుకయ్యా నీకు" అని అడగాలనిపించింది.

చెక్కతో చేసిన జంట శిల్పం ఒకటుంది, దాన్ని వదిలేస్తే పాపం. ముందు నుంచి చూస్తే గర్వంగా ఛాతీ విరుచుకున్న దయ్యం, మెఫిస్టాఫెలిస్. వెనక అద్దం పెట్టారు. ఆ అద్దంలో చూస్తే తలదించుకుని నిలబడ్డ అమ్మాయి, మార్గరెటా. ఒకే దుంగ, రెండు మనుషులు. జర్మన్ కవి గేటే రాసిన ఫౌస్ట్ నాటకంలోని పాత్రలు. ఒకడి పొగరు, ఒకరి సిగ్గు, వీపులు కలిపి. చేసిన శిల్పి ఎవరో మ్యూజియం లేబుల్ మీద ఉండదు.

ఇప్పుడు అసలు ఇబ్బందికరమైన విషయం. డబ్బు ఎక్కడిది? జాగీరు అంటే ఏంటో తెలుసు కదా. కొన్ని ఊళ్ల శిస్తు సర్కారుకి కాకుండా జాగీర్దారుకి వెళ్తుంది. సాలార్‌జంగ్ జాగీర్లు నిజాం రాజ్యంలో పలుచోట్ల ఉండేవి, ఇప్పటి కర్ణాటకలోని కొప్పల్ కూడా అందులోదే. మా నానమ్మ వాళ్ల ఊరు కూడా ఒక జాగీరు కింద ఉండేది. ఆ జాగీర్దారు వేరే ఆయన, సాలార్‌జంగ్ కాదు. కానీ పద్ధతి అదే. "పంట కల్లంలో ఉండంగనే వచ్చి కొలుసుకొని పోయేటోళ్లు బిడ్డా" అని చెప్పేది. మ్యూజియం నుంచి ఫోన్ చేసి, నేను ఎక్కడున్నానో చెప్తే, "మంచిగుందా?" అని అడిగింది. బాగుంది నానమ్మా అన్నాను. "గట్లుండకపోతే ఎట్ల, అంత పైస వెట్టె" అంది. దాని మీద నేనింకేం చెప్పను.

1948 సెప్టెంబర్ 17న హైదరాబాద్ సంస్థానం లొంగిపోయింది. పాత లోకం కూలిపోతోంది. 1949 మార్చి 2న మూడో సాలార్‌జంగ్ చనిపోయాడు. అదే ఏడాది ఆగస్టు 15న జాగీర్లే రద్దయ్యాయి. తేదీలు చూడండి. ఆయన పోవడానికీ, ఆయన సంపదకి మూలమైన వ్యవస్థ పోవడానికీ మధ్య ఆరు నెలలు కూడా లేదు.

నేరుగా వారసులు లేరు. బంధువులు చాలామంది. వస్తువులేమో దివాన్ దేవిడీ, ఇంకా మిగతా భవనాల్లో గదులగదులుగా పడున్నాయి. ఈ పరిస్థితిలో మామూలుగా ఏమవుతుంది? మన ఇళ్లల్లో ఒక తాతగారు పోతే ఇత్తడి బిందెల దగ్గర్నుంచి గొడవ మొదలవుతుంది. ఇక్కడ నలభై వేల వస్తువులు. పంచుకుంటే ఎవరివి వాళ్లు అమ్ముకునేవాళ్లు. రెబెక్కా ఇవాళ ఏ దేశంలోనో ఉండేది.

అలా కాకుండా, ఆస్తిని చూసుకోవడానికి ప్రభుత్వం కమిటీ పెట్టింది. అప్పట్లో హైదరాబాద్ రాష్ట్ర పరిపాలన చూస్తున్న ఐసీఎస్ అధికారి ఎం.కె. వెల్లోడికి ఒక ఆలోచన వచ్చింది: వీటన్నిటినీ కలిపి మ్యూజియం చేద్దాం. సర్దే పని జేమ్స్ కజిన్స్‌కి అప్పగించాడు.

ఈ పేరు ఎక్కడో విన్నట్టుందా? మదనపల్లె! ఐర్లాండ్ నుంచి వచ్చిన కవి, కళా విమర్శకుడు. మదనపల్లె కాలేజీకి ప్రిన్సిపాల్. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆయన అతిథిగా వచ్చినప్పుడే జనగణమనకి ఇంగ్లిష్ అనువాదం అక్కడ రాశాడు. ఆ పాటకి స్వరాలు రాసిపెట్టింది కజిన్స్ భార్య మార్గరెట్. ఆ కజిన్సే ఇక్కడ కూడా. ఒక రాయలసీమ టౌన్‌లో పాఠాలు చెప్పిన ఐరిష్ మాస్టారు పాతబస్తీ దేవిడీలో కూర్చుని ఏ గదిలో పింగాణీ, ఏ గదిలో కత్తులు అని తేల్చడం. రీసెర్చ్‌లో ఇది తగిలినప్పుడు నేను లేచి నిలబడ్డాను.

1951 డిసెంబర్ 16న నెహ్రూ వచ్చి మ్యూజియం ప్రారంభించారు. దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు నడుస్తున్న రోజులు. అప్పుడు మ్యూజియం ఉన్నది ఇప్పటి చోట కాదు, ఆయన ఇంట్లోనే, దివాన్ దేవిడీలో. అంటే జనం టికెట్ కొనుక్కుని నవాబు గదుల్లోకే నడిచారు. అంతకుముందు ఆ గుమ్మం దాటాలంటే పిలుపు ఉండాలి.

బంధువుల సంగతి కోర్టులో నడిచింది. చివరికి వాళ్ల ఒప్పుదలతో, హైకోర్టు ద్వారా రాజీ డిక్రీ మీద కలెక్షన్ భారత ప్రభుత్వానికి వచ్చింది. ఆ కుటుంబానికి ఈ విషయంలో రావాల్సినంత పేరు రాలేదని నేననుకుంటాను. 1961లో పార్లమెంట్ చట్టం చేసి దీన్ని జాతీయ ప్రాముఖ్యత ఉన్న సంస్థగా ప్రకటించింది. తర్వాత మూసీ దక్షిణ ఒడ్డున, నయాపూల్ దగ్గర, ఈ కలెక్షన్ కోసమే కొత్త భవనం కట్టారు. 1968లో రాష్ట్రపతి జాకీర్ హుసేన్ చేతుల మీదుగా తెరిచారు. ఆయన కూడా హైదరాబాద్‌లో పుట్టినవాడే. అటూ ఇటూ ఉన్న రెండు బ్లాకులు తర్వాత కట్టినవి, వాటికి తాత పేరు ఒకటి, తండ్రి పేరు ఒకటి.

వస్తువులు బతికాయి. ఇల్లు బతకలేదు. మ్యూజియం నుంచి బయటికొచ్చి నేను దివాన్ దేవిడీ దాకా నడిచాను, దూరమేం కాదు. కమాన్ గేటు ఉంది. లోపలికి వెళ్తే బట్టల హోల్‌సేల్ దుకాణాలు. డ్రెస్ మెటీరియల్ కట్టలు, బేరాలు, ట్రాలీలు, హారన్లు. దేవిడీలో చాలా భాగం కూల్చేశారు. ఒక షాపాయన్ని "భాయ్, సాలార్‌జంగ్ ఉన్న ఇల్లు ఎక్కడ?" అని అడిగాను. ఆయన చేతిలో ఉన్న క్లాత్ మడతపెడుతూనే, "ఇదే కదా, నువ్వు నిల్చున్నదే" అన్నాడు.

కొత్త భవనంలో గ్యాలరీలు దాదాపు నలభై. అంతా ఒక్క రోజులో అవ్వదు. మీరు వెళ్లేటట్టయితే శుక్రవారం సెలవు, గుర్తుపెట్టుకోండి. రెబెక్కా, జంట శిల్పం, రాతప్రతులు ముందు చూసుకోండి, గడియారం ఎలాగూ గంటకోసారి పిలుస్తుంది. గంటకి పది నిమిషాల ముందే కూర్చోకపోతే ముందు వరుస దొరకదు. ఈసారి నాకూ దొరకలేదు. ఏదో స్కూల్ పిల్లలు నిండిపోయారు, నా ముందు ఉన్న పిల్లాడి బ్యాగు మీద నుంచి మెడ సాచి చూశాను. గడ్డం బొమ్మ బయటికొచ్చింది, కొట్టింది, వెళ్లిపోయింది. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ల సార్ లేచి, "పదండి పదండి, బస్సు" అన్నాడు.